ఎడమకు లాగిన గుడ్డ పతంగి

నా చిన్నప్పుడు జరిగాయని నేను చెప్పుకునే సంగతుల్లో ఎన్ని నేను స్వయంగా చూసినవో, ఎన్ని ఇంట్లోవాళ్లు పదేపదే చెప్పగా నా జ్ఞాపకాలుగా మారినవో వేరుచేయడం ఇప్పుడు కష్టం. ఉద్యోగం చేసినంతకాలం ప్రయోగశాలలో నా పని ఇతరులు చెప్పినదాన్ని పరీక్షించడమే. ఒక ఫలితం నా బల్ల మీదికి వస్తే, దాన్ని ఎందుకు నమ్మాలని అడగడానికే నాకు జీతం ఇచ్చేవారు. ఆ అలవాటు ఉద్యోగంతోపాటు పోలేదు. ఓపిక మాత్రం పోయింది. మనవరాలు ఫోనులో చూపించే ప్రతి వింతకీ ఎవరు చూశారు, ఎలా కొలిచారు అని అడగబోయి, నోటిదాకా వచ్చిన ప్రశ్నను మింగి, తల ఊపి ఊరుకుంటున్నాను. అందుకే ఇది రాసేముందు నాకు నేనే ఒక హద్దు గీసుకున్నాను. చూసింది చూసినట్టు చెబుతాను. ఊహించినదైతే ఊహ అనే చెబుతాను.

అరవయ్యవ దశకం చివరి సంవత్సరాలవి. మేము తార్నాకలో ఒక పెంకుటింట్లో ఒక వాటాలో అద్దెకు ఉండేవాళ్లం. మా నాన్న యూనివర్సిటీ గ్రంథాలయంలో గుమాస్తా. ఇంటి వెనుక రాళ్లు, సీతాఫలం పొదలు, వాటి మధ్య నడిచి నడిచి పడిన కాలిబాట. ఆ బాట పట్టుకుని వెళితే యూనివర్సిటీ మైదానం వచ్చేది. సాయంత్రాలు ఆ వైపు నుంచి దుమ్ముతో కలిసిన గాలి వీచేది. మా అమ్మ నల్లగొండ వైపు పల్లెలో పొలం పనిలో పుట్టి పెరిగిన మనిషి. పట్నంలో పనే ఉండదని ఆమెకు ఎవరో చెప్పారట. ఆ చెప్పినవాళ్లు దొరికితే బావి దగ్గర బిందె చేతికిచ్చి చూపిస్తానని అంటుండేది.

మా పక్కవాటాలో ఒక అక్క, వాళ్లమ్మ ఉండేవారు. గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. తండ్రి లేడు, అన్న ఊళ్లోనే ఉండిపోయాడు. అక్క యూనివర్సిటీలో ఏదో శాఖలో టైపిస్టు. తాత్కాలికమైన ఉద్యోగం. దాన్ని పొడిగించినప్పుడల్లా వాళ్లింట్లో ఊపిరి పీల్చుకునేవారు; గడువు దగ్గరపడినప్పుడల్లా మళ్లీ బిగబట్టేవారు. ఆమె సాయంత్రం వచ్చి గడప మీద కూర్చుని, చెప్పులు విప్పకుండానే కాసేపు కళ్లు మూసుకునేది. పగలంతా టైపు మిషన్ మీద కొట్టిన వేళ్లను ఒక్కొక్కటిగా పట్టుకుని నెమ్మదిగా లాగుకునేది. ఆ తరువాత లేచి, ముఖం కడుక్కుని, చేత్తో తిప్పే కుట్టుమిషన్ ముందు కూర్చునేది.

అక్కడ ఆమె కుట్టేవి పతంగులు. ఆమె మాటలో గాలిపటాలు. వారాసిగూడలో ఒక ఆడవాళ్ల దర్జీ దగ్గర మిగిలిన కత్తిరింపులు సంచీతో తెచ్చుకునేది. సన్నని వాయిలు, లోపలి అస్తరు గుడ్డ, చీర కొంగులో తీసేసిన పట్టు పీలికలు, ఏవైతే పలుచగా ఉంటాయో అవి. వాటిని రంగులవారీగా నేల మీద పరిచేది. ముందు గోధుమరంగు కాగితం మీద బొమ్మ గీసేది. మూడుమూలల ముక్కలు, పలకలు, మధ్యలో ఒక్కోసారి నెమలికన్ను లాంటిది. ఆ కాగితపు కొలతకు గుడ్డ కత్తిరించి, అంచులు లోపలికి మడిచి, ఒక్కో అతుకునూ రెండుసార్లు కుట్టేది. మొత్తం నలుపలకగా తయారయ్యాక వెన్నుకు ఒక వెదురుబద్ద, అడ్డంగా విల్లులా వంచిన ఇంకో బద్ద పెట్టేది. ఎన్నో రోజుల పని. అయ్యాక గోడకు తగిలించేది. వాటిలో ఒక్కటీ బయటికి వెళ్లి ఎగిరింది లేదు.

పతంగులే ఎందుకని ఒకసారి అడిగాను. ఆమె మిషన్ తిప్పడం ఆపకుండానే, "జాకెట్టు కుట్టాలంటే ఎవరి కొలతకో కుట్టాలమ్మా. దీనికి ఎవరి కొలతా అక్కర్లేదు" అంది. ఆ జవాబు నాకప్పుడు అర్థం కాలేదు. అర్థమైందని ఇప్పుడు అనుకుంటున్నాను గానీ, అది నా అలసటలోంచి ఆమె అలసటను చదవడం కావచ్చు.

గుడ్డ ఎగరదని నా వయసు పిల్లలందరూ ఖాయంగా చెప్పేవారు. బరువెక్కువని వాళ్ల వాదన. అక్క ఆ మాట విని నవ్వి, ఒక వాయిలు ముక్క నా చేతికిచ్చి, నోటికి అడ్డంగా పట్టుకుని ఊదమంది. ఇంకో అరచెయ్యి ముందు పెట్టుకోమంది. ఊపిరి గుడ్డలోంచి దూరి వెచ్చగా చేతికి తగిలింది. అసలు చిక్కు బరువు కాదని, గాలి ఇలా దూరిపోవడమని చెప్పింది. తరువాత మా అమ్మ అన్నం వార్చిన గంజి అడిగి తీసుకుని, పలుచన చేసి, గుడ్డను అందులో ముంచి పిండి, నీడలో సాగదీసి ఆరబెట్టింది. మర్నాడు అదే ముక్కను నోటికి అడ్డం పెట్టి ఊదాను. చేతికి ఏమీ తగలలేదు. నా జీవితంలో నేను చేసిన మొదటి ప్రయోగం అదే. మా అమ్మకు మాత్రం అది నచ్చలేదు. "మనుషులు తాగే గంజి గుడ్డలకు తాపుతున్రు. ఇగ రేపు దానికి పచ్చిపులుసు గూడ పోస్తరు" అని గొణుక్కుంటూనే రోజూ గిన్నె పక్కన పెట్టేది.

ఆ చలికాలం చివర, తార్నాకలోనే ఒక ఆడపిల్లల బడిలో కుట్టుపని టీచరు ఉద్యోగం ఖాళీ ఉందని తెలిసింది. తాత్కాలికం కాదు, స్థిరమైనది. అక్క టైపు ఉద్యోగాన్ని ఈసారి పొడిగించరని అప్పటికే శాఖలో చెప్పేశారు. ఇది రాకపోతే వాటా ఖాళీచేసి తల్లీకూతుళ్లు అన్నగారింటికి వెళ్లిపోవాలి. అన్నగారింట్లో ఆ మిషన్ పెట్టుకునే చోటు కూడా లేదని వాళ్లమ్మ మా అమ్మతో చెప్పడం నేను విన్నాను. అక్క వెళ్లిపోతుందన్న మాటకు నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు.

బడివాళ్లు పనితనం చూపించే నమూనా ఏదైనా తెమ్మన్నారు. అక్క అన్నిటికన్నా మంచిదాన్ని, నీలం నేల మీద పసుపు, ఎరుపు ముక్కలు సుడి తిరిగినట్టు కుట్టినదాన్ని తీసుకెళ్లింది. అందులో ఒక మూల నా పొట్టి అయిపోయిన గౌను ముక్క, చిన్న పసుపు పూలది, ఉంది. హెడ్మిస్ట్రెస్ దాన్ని వెనక్కీ ముందుకీ తిప్పి, అతుకులు చూసి మెచ్చుకుందట. చివర ఒక ప్రశ్న అడిగిందట. ఇది నిజంగా ఎగురుతుందా, లేక గోడకు తగిలించేదేనా? కుట్టాను గానీ ఎగరేసి చూడలేదండీ అని అక్క చెప్పింది. అయితే చూసి చెప్పండి, వచ్చేవారం కమిటీ కూర్చుంటుంది, అప్పుడు మళ్లీ రండి అని ఆమె పంపించింది.

ఆ సాయంత్రం మా అరుగు మీద దీని గురించి చిన్న వాదన జరిగింది. మా అమ్మకు ఇదంతా చోద్యంగా తోచింది. "ఎగురుతదని చెప్తే అయిపోవు గద బిడ్డా! వాళ్లేమన్న మైదానంల కొచ్చి చూస్తరా?"

"వాళ్లు రారు పిన్నీ. రేపు ఆ పిల్లలకు నేర్పాక, ఎగరేసేది వాళ్లే కదా. అప్పుడు లేవకపోతే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"ముందుగాల నౌకరీ అయితే రానియ్యి. మొహం సంగతి తర్వాత జూస్కుందువు."

అక్క నవ్వింది గానీ ఒప్పుకోలేదు. నాకప్పుడు మా అమ్మ మాటే సబబుగా అనిపించింది. ఇప్పటికీ కొన్ని రోజుల్లో అలాగే అనిపిస్తుంది.

ఎగరేయడం అక్కకు రాదు. అది మా మామకు వచ్చు. మా అమ్మ తమ్ముడు, యూనివర్సిటీ హాస్టల్లో ఉండి చదువుకునేవాడు. ఆదివారం మా ఇంట్లో అన్నం తిని, ముక్తాయింపుగా అందరినీ ఆటపట్టించి వెళ్లేవాడు. ఆ పతంగిని చేతిలోకి తీసుకుని బరువు చూసి, మా అమ్మ వైపు తిరిగి, "ఏందక్కా ఇది, పతంగియా, బొంతనా? ఎగిరేసుడా, కప్పుకొని పండుడా?" అన్నాడు. పక్కింటి అక్క వెంటనే, "ముందు ఎగరెయ్యి బాబూ. లేవకపోతే కప్పుకుందువుగాని, హాస్టల్లో చలి ఎక్కువటగా" అంది. మామ నోరు మూతపడటం నేను చూడటం అదే మొదటిసారి.

ఆదివారం సాయంత్రం మేము ముగ్గురం సీతాఫలం పొదల బాట పట్టి మైదానానికి వెళ్లాం. పతంగుల రోజులు ఇంకా పూర్తిగా వెళ్లిపోలేదు. దూరంగా హాస్టల్ కప్పుల మీదా, ఇళ్ల మీదా కాగితపు పతంగులు ఊగుతున్నాయి. గాజుపొడి అద్దిన మాంజాతో ఒకరి దారం ఒకరు కోసుకునే ఆట అది. మామ మాత్రం దీని బరువుకు ఆగాలని మామూలు దారమే, కాస్త లావుది, చరఖాకు చుట్టుకుని తెచ్చాడు. నన్ను పతంగి పట్టుకుని దూరంగా వెళ్లి నిలబడమన్నాడు. నేను చేతులు పైకెత్తి వదిలాను. మొదటిసారి అది ముక్కు నేలకు పెట్టి పడింది. రెండోసారీ అంతే. మూడోసారికి మామ తోక పొడిగించాడు. అప్పుడు గాలి ఒక్కసారి బలంగా వచ్చింది. గుడ్డ ఫట్టుమని బిగుసుకున్న చప్పుడు నా చెవుల్లో ఇంకా ఉంది. అది లేచింది.

అది ఎలా ఎగిరిందో జాగ్రత్తగా చెప్పాలి, ఎందుకంటే తరువాత జరిగిందంతా ఆ వివరం మీదే ఆధారపడింది. అది లేచింది, నిలబడింది, చాలాసేపు ఉంది. ఎండ వెనుక నుంచి పడి అతుకులన్నీ అద్దాల్లా వెలిగాయి. కానీ అది తిన్నగా లేదు. మాటిమాటికీ ఎడమవైపుకు లాగేది. మామ చెయ్యి ఎప్పుడూ కదులుతూనే ఉంది, ఆపితే వాలిపోయేది. అతని ముఖంలో ఎగతాళి పోయి చెమట వచ్చింది. "మొండిది రా ఇది" అన్నాడు, అయితే ఇష్టంగానే అన్నాడు. అక్క ఒక రాతిమీద నిలబడి చూసింది. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుందని మా మామ తరువాత చెప్పేవాడు. నేనైతే అది చూడలేదు. ఆ సాయంత్రం దుమ్ము కూడా చాలా ఉంది.

అది ఎంతో ఎత్తుకు వెళ్లింది కాబట్టే కంటపడింది. ఎవరిదో నల్ల పతంగి ఒకటి పక్కనుంచి వచ్చి, దారం మీద దారం వేసి, ఒక్క గుంజు గుంజింది. మామ చేతిలో బిగువు పోయింది. ఎక్కడో కప్పు మీద పిల్లలు "అఫా!" అని అరిచారు. పతంగి తెగినప్పుడు మా వైపు అందరూ అరిచే అరుపది. ఆ అరుపుతో ఆట నియమం కూడా అమలులోకి వస్తుంది: తెగిన పతంగి ఎవరికి దొరికితే వాళ్లదే. అడగకూడదు, పోట్లాడకూడదు. నీలం పసుపు సుడి తల్లకిందులవుతూ, ఇళ్ల మీదుగా రైలు పట్టాల వైపు జారిపోయింది. మామ పరుగెత్తి వెళ్లి, ఖాళీ చేతులతో వచ్చి, అక్క ముఖం చూడలేక చరఖా చుట్టుకుంటూ కూర్చున్నాడు.

అక్క అతన్ని ఒక్క మాట అనలేదు. రాయి మీద కూర్చుని, "ఎగిరింది కదా" అంది. ఆమె గొంతులో సంతోషం ఉందో లేదో చెప్పలేను. రోజంతా పనిచేసి వచ్చి గడప మీద కూర్చున్నప్పటి గొంతే అది. పతంగి చేతిలో ఉన్నప్పుడు హెడ్మిస్ట్రెస్ ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు లేదు. ఇప్పుడు జవాబుంది, పతంగి లేదు. ఇంకొకటి అంత బాగా కుట్టే వ్యవధీ లేదు. గోడమీద మిగిలినవి చిన్నవి, మొదట్లో కుట్టినవి. వాటి అతుకులు వంకరని ఆమే వాటిని ఎవరికీ చూపేది కాదు.

మరుసటి రోజుల్లో ఆఫీసు అయ్యాక అక్క నన్ను వెంటబెట్టుకుని వెతికింది. పట్టాల పక్క ముళ్లపొదలు, ఇళ్ల కప్పులు, విద్యుత్తు స్తంభాలు. కాళ్లు నొప్పి పుట్టి నేను నిలబడితే ఆమె కూడా నిలబడేది. చివరకు మాకు పాలు పోసే ఆమె చెప్పింది, "రంగురంగుల బొంత లెక్కనా? లాలాపేటల మా గల్లీల ఒక ఉయ్యాల మీద చూసిన్నమ్మా" అని.

లాలాపేటలో అది ఒకే గది ఇల్లు. పైన రేకులు. రేకుల మధ్య సందులోంచి ఎండ కడ్డీలా దిగి గదిలో పడుతోంది. ఆ ఎండ తగలకుండా పసిబిడ్డ ఉయ్యాల మీద గొడుగులా కట్టి ఉంది మా పతంగి. వెదురుబద్దలు తీసేశారు. మూలల్లో తాళ్లు కట్టడానికి చిన్న చిన్న చీలికలు చేశారు. నేను దగ్గరికి వెళ్లి అంచు తిరగేసి చూశాను. రెండుసార్లు కుట్టిన అతుకు. మూలన నా గౌను పూలు. ఇంక సందేహానికి చోటు లేదు. నోరు తెరవబోయాను. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

బిడ్డ తల్లి బాలింత, కళ్లకింద నల్లబడిన మనిషి. మమ్మల్ని చూసి కంగారుపడింది. "మా ఆయన డ్యూటీల కెళ్లి వస్తుంటే పట్టాల కాడ దొరికిందట. మస్తు బరకగ ఉండె, పోరికి గీసుకుంటదని ఉతికిన. మీదా అక్కా? అట్లయితె తీస్కపోండ్రి" అంటూ, తాడు విప్పడానికి చెయ్యి చాపింది. ఉతికింది. గంజి అంతా పోయింది. ఎరుపు రంగు కాస్త పసుపులోకి దిగింది. అయినా కుట్టు కుట్టే. బడిలో చూపించడానికి అది చాలేది. ఆ ఉతికిన గుడ్డలో అక్క ఉద్యోగం ఉందని నాకు తెలుసు, ఆమెకు ఇంకా బాగా తెలుసు.

తాడు కదిలేసరికి ఎండకడ్డీ బిడ్డ ముఖం మీద పడింది. బిడ్డ ముఖం చిట్లించింది.

"కట్టెయ్యండమ్మా, కట్టెయ్యండి" అంది అక్క. "ఎగిరినంతసేపే మాది. తెగాక మీదే. మీ ఆటలో నియమం అదేగా?"

ఆ తల్లి నవ్వి, తాడు మళ్లీ బిగించి, మాకు నీళ్లిచ్చింది. వచ్చేటప్పుడు దారి పొడుగునా నాకు కోపం. అది మనదేనని నిరూపణ అయింది కదా, అయినా ఎందుకు వదిలేశావని అడిగాను. మనదని తేలింది, అంతవరకు బాగానే ఉంది అంది అక్క. ఆమె నడక ఆ సాయంత్రం చాలా నెమ్మదిగా ఉంది.

కమిటీ రోజున అక్క నన్ను తీసుకెళ్లింది. ఎగిరిందని చెప్పడానికి చూసినవాళ్లు ఒకరు ఉండాలి కదా. మామను తీసుకెళితే ఆడపిల్లల బడిలో బాగుండదని మా అమ్మ అంది. తలకు నూనె రాసి, రెండు జడలు వేసి పంపింది. దారిలో నేనేం చెప్పాలని అక్కను అడిగాను. "చూసింది చెప్పు" అంది. ఒక్క మాట కూడా నేర్పలేదు. నేను ఆ తరువాత ఉద్యోగరీత్యా కూర్చున్న ఎన్నో విచారణల్లో, ఎందరో పెద్దలు తమ సాక్షులకు మాటలు నేర్పడం చూశాను. అందుకే ఈ చిన్న విషయం నాకు గుర్తుండిపోయింది.

బల్లకు అటువైపు హెడ్మిస్ట్రెస్, ఆమె పక్కన కళ్లజోడు పెట్టుకున్న ఒక మాస్టారు. పతంగి ఎగిరిందనీ, దారం తెగిపోయిందనీ అక్క చెప్పింది. పతంగి దొరికిందనీ, వదిలేసి వచ్చాననీ కూడా చెప్పింది. మాస్టారు కుర్చీలో వెనక్కి వాలి, "బాగుందమ్మా. మార్కులు వచ్చాయి, పరీక్ష కాగితం మాత్రం గాలికి పోయింది" అని నవ్వాడు. హెడ్మిస్ట్రెస్ నవ్వలేదు. ముందుకు వంగి నన్ను అడిగింది.

"నువ్వు చూశావా పాపా?"

"చూసిన."

"ఎలా ఎగిరింది?"

నాకు అక్క అంటే ప్రాణం. ఆమె వెళ్లిపోకూడదని నా కోరిక. ఆకాశమంత ఎత్తుకు పోయిందని చెప్పాలని నోటిదాకా వచ్చింది. కానీ అడిగింది ఎలా ఎగిరిందని. నా కళ్లముందు ఉన్నది మామ చెయ్యి, ఆగకుండా కదులుతున్న ఆ చెయ్యి.

"మంచిగ లేసింది. శానాసేపు ఉన్నది. కానీ ఎడమ దిక్కుకు గుంజింది. మామ ఊకూకె సరిజేసిండు."

నేనేదో పగలగొట్టినట్టు తోచి అక్క వైపు చూశాను. ఆమె తల ఊపింది. "అవునండీ, లాగింది. ఎడమవైపు పట్టు ముక్కలు ఎక్కువ పడ్డాయి. పట్టుకు గంజి సమంగా పట్టలేదు. కుట్టేటప్పుడు నేను రంగు చూసుకున్నాను, బరువు చూసుకోలేదు. మళ్లీ కుడితే సరిచేస్తాను." హెడ్మిస్ట్రెస్ కాగితం మీద ఏదో రాసుకుంది. కబురు చేస్తామంది.

బయటికి వచ్చి మేము ఒక కల్వర్టు గోడ మీద కూర్చున్నాం. బస్సొకటి ఆగి, మా కోసం చూసి, వెళ్లిపోయింది. నాకు ఏడుపు వచ్చింది. ఎందుకని ఆమె అడగలేదు. చెప్పులు విప్పి పాదాలు రుద్దుకుంటూ అంది: "ఎడమకు లాగిందని నువ్వు అనకపోతే నేనే అనాల్సొచ్చేదమ్మా. వాళ్లు అడిగినప్పటినుంచీ చూస్తున్నా, నాకు నోరు పెగల్లేదు. నువ్వు అనేశావు. నాకు తేలికైంది."

ఆ ఉద్యోగం ఆమెకు రాలేదు. ఇంకెవరికో ఇచ్చారు. నా మాట వల్ల రాలేదా అంటే, అవుననడానికి నా దగ్గర ఆధారం లేదు, కాదనడానికీ లేదు. ఆ ఇంకెవరో ఆమెకన్నా బాగా కుట్టి ఉండవచ్చు. కమిటీ ముందే నిర్ణయించుకుని ఉండవచ్చు. నేను పని నేర్చుకున్న పద్ధతి ప్రకారం ఇక్కడ ఆగాలి, ఆగుతున్నాను. తల్లీకూతుళ్లు వాటా ఖాళీచేశారు. అన్నగారింటికి మాత్రం వెళ్లలేదు. వారాసిగూడలో ఆ దర్జీ దుకాణం పక్కనే ఒక చిన్న గది తీసుకుని, ఆ దర్జీకే జాకెట్లు కుడుతూ అక్కడే ఉండిపోయారు. ఎవరెవరి కొలతలకో కుట్టింది అక్క, ముప్పై ఏళ్లకు పైగా. పతంగులు మళ్లీ కుట్టిందా అంటే, నేను వెళ్లినప్పుడల్లా గోడవైపు చూసేదాన్ని. ఒక్కోసారి ఉండేవి, ఒక్కోసారి ఉండేవి కావు.

నేను ఎమ్మెస్సీలో చేరినప్పుడు వెళ్లాను. ఉద్యోగం వచ్చినప్పుడు వెళ్లాను. పిల్లలు పుట్టాక వాళ్లను తీసుకుని వెళ్లాను. వెళ్లిన ప్రతిసారీ ఒక ప్రశ్న వెంట తీసుకెళ్లేదాన్ని. ఆ కల్వర్టు మీద ఆమె అన్న మాట నిజంగా ఆమె మనసులోదా, లేక ఏడుస్తున్న పిల్లను ఊరడించడానికి అప్పటికప్పుడు కుట్టినదా? ఆ రెంటినీ వేరుచేయడానికి ఏం అడగాలో నాకు తెలుసు. అలాంటి ప్రశ్నలు అడగడమే నా వృత్తి. ఆమె అబద్ధమాడే మనిషి కాదు కాబట్టి జవాబు తప్పకుండా వచ్చేది. అందుకే అడగలేదు. టీ తాగి, మిషన్ పక్కన పడి ఉన్న పీలికలు ఏరి ఒకచోట పెట్టి, వచ్చేసేదాన్ని.

ఇప్పుడు అడగడానికి ఆమె లేదు. ఇతరుల మాటలు తేల్చడంలోనే నా ఆయుష్షు సగం గడిచింది. తేల్చకుండా దగ్గర ఉంచుకున్నది ఆ ఒక్క మాటే. బాగా అలసిన రోజుల్లో దాన్ని గుర్తు తెచ్చుకుంటాను. తిరగేసి చూడను. నాకు తేలికైంది అని ఆమె అంది, నమ్ముతాను.